గేమింగ్ టోర్నమెంట్‌లో తొండి: పట్టుకోవడం, నిరూపించడం, శిక్ష వేయడం

"అన్నా, ఫైనల్ నడుస్తోంది. అవతలి టీమ్‌లో ఒకడు పక్కా హ్యాక్. ఇప్పుడేం చెయ్యాలి?"

ఇలాంటి మెసేజ్ విశాఖ మద్దిలపాలెంలో ఫెస్ట్ నడిపే కుర్రాళ్ల నుంచి, గాజువాక కేఫ్ ఓనర్ల నుంచి నాకు తరచూ వస్తుంటుంది. ఫైనల్ నడుస్తుండగా చెయ్యగలిగేది చాలా తక్కువ. చెయ్యాల్సిన పనిలో ముప్పాతిక వంతు వారం ముందే అయిపోవాలి. అందుకే ఈ గైడ్‌లో పట్టుకోవడం కంటే ముందు ఏర్పాట్లే ఎక్కువ కనిపిస్తాయి.

విశాఖలో మనం మామూలుగా నడిపే సైజునే దృష్టిలో పెట్టుకున్నాను: ఫోన్ మీదైతే 16 జట్ల బీజీఎంఐ లేదా ఫ్రీ ఫైర్ మ్యాక్స్, లేదంటే కేఫ్ పీసీల మీద 8 జట్ల వాలరెంట్, సీఎస్2 (కౌంటర్-స్ట్రైక్). అన్నీ తుపాకీ ఆటలే. చేతిలో ముగ్గురు నలుగురు అడ్మిన్లు ఉన్నారనుకుందాం.

## 1. తొండి అంటే ఏమిటో ముందే కాగితం మీద పెట్టండి

రూల్ రాయకుండా వేసిన శిక్ష గొడవగానే ముగుస్తుంది. "హ్యాక్ వాడితే బ్యాన్" అన్న ఒక్క లైను రూల్‌బుక్ కాదు. కనీసం ఇవి విడివిడిగా రాయండి:

- సాఫ్ట్‌వేర్: ఎయిమ్‌బాట్ (గురి తానే పెట్టేది), వాల్‌హ్యాక్ (గోడల వెనక మనుషులను చూపేది), ఈఎస్‌పీ (శత్రువులు ఎక్కడున్నారో గీతలతో చూపేది), నో రికాయిల్ కాన్ఫిగ్ (కాల్చినప్పుడు తుపాకీ అదరకుండా చేసేది), "ప్యానెల్" పేరుతో తిరిగే హ్యాక్‌లన్నీ, జీఎఫ్ఎక్స్ టూల్ (గ్రాఫిక్స్ మార్చేది), మొబైల్ టోర్నీలో ఎమ్యులేటర్ (ఫోన్ గేమ్‌ను పీసీలో ఆడించేది).
- పరికరం: మాక్రో (ఒక్క నొక్కుతో వరసగా చాలా పనులు చేసేది) ఉన్న మౌస్, కీబోర్డు; ఫోన్‌కి తగిలించే ట్రిగ్గర్లు; ట్యాబ్, ఐప్యాడ్.
- మనిషి: ఒకరి ఐడీతో ఇంకొకరు ఆడటం, జాబితాలో లేనివాణ్ని దించడం.
- సమాచారం: స్ట్రీమ్ చూసి ఆడటం, వెనక నిలబడ్డవాళ్లు చెప్పడం, పక్క తెరలోకి తొంగిచూడటం.
- ఫలితం: రెండు జట్లు కుమ్మక్కవడం, కావాలని ఓడిపోవడం, పందెం కాయడం.

కూలర్, ఫింగర్ స్లీవ్ లాంటి వాటికి అవునో కాదో ఇప్పుడే తేల్చండి. మ్యాచ్ మధ్యలో "ట్రిగ్గర్ పెట్టుకోవచ్చా అన్నా" అని ఒకడు అడిగాడంటే రూల్‌బుక్‌లో చిల్లు ఉన్నట్టే.

మన రూల్ గేమ్ కంపెనీ రూల్ కంటే వదులుగా ఉండకూడదు. కంపెనీ నిషేధించినదాన్ని మనం అనుమతిస్తే, పాపం ఆటగాడి ఐడీ పోతుంది.

పందెం సంగతి తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో ఐబైపవర్ అనే సీఎస్ జట్టు 2014 ఆగస్టులో ఒక మ్యాచ్ కావాలనే ఓడిపోయింది. వెనక ఉన్నది స్కిన్‌లతో (గేమ్‌లో తుపాకులకు వేసే రంగుల తొడుగులతో) కాసిన పందేలు. 2015 జనవరిలో ఆ గేమ్ కంపెనీ వాల్వ్ నిషేధం వేసింది. మన దగ్గర 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం ఈ-స్పోర్ట్స్‌ను గుర్తిస్తుంది కానీ డబ్బు పందేలను నిషేధిస్తుంది. హాల్లో ప్రేక్షకులు వందా రెండొందలు కాసుకుంటున్నా అక్కడే ఆపేయండి.

ఈ రెండు వాక్యాలు మాత్రం తప్పకుండా ఉండాలి. నా రూల్‌బుక్‌లో ఇలా ఉంటాయి:

> తనిఖీ కోసం అడిగినప్పుడు పరికరం ఇవ్వకపోయినా, ఇచ్చేలోపు ఏదైనా డిలీట్ చేసినా, రీస్టార్ట్ చేసినా నిషిద్ధ సాఫ్ట్‌వేర్ వాడినట్టే లెక్క.
>
> నిషిద్ధ సాఫ్ట్‌వేర్ దొరికితే, అది తనకు తెలియకుండా వచ్చిందని చూపించుకోవాల్సిన బాధ్యత ఆటగాడిదే.

రిజిస్ట్రేషన్ ఫారంలో రూల్స్ తెలుగులో కూడా ఇచ్చి, ప్రతి ఆటగాడి సంతకం తీసుకోండి. 18 ఏళ్లలోపు వాళ్లకు తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి. ఫోన్ తనిఖీకీ, స్క్రీన్ రికార్డింగ్‌కీ ఒప్పుకుంటున్నట్టు ఆ కాగితంలోనే ఉండాలి.

## 2. మనిషి, ఐడీ ఒక్కటేనా?

చిన్న టోర్నీల్లో నేను ఎక్కువగా చూసిన తొండి హ్యాక్ కాదు, బదులు ఆటగాడు. పేరు తమ్ముడిది, ఆడేది అన్న స్నేహితుడు.

1. రిజిస్ట్రేషన్‌లో పేరు, గేమ్‌లో పేరు, యూఐడీ (ఒక్కో ఐడీకి గేమ్ ఇచ్చే నంబర్) మూడూ తీసుకోండి. గేమ్‌లో పేరు ఎన్నిసార్లయినా మారుతుంది, యూఐడీ మారదు.
2. రెండు రోజుల ముందు జాబితా మూసేయండి. మార్పుకు ఒక్క సబ్‌స్టిట్యూట్ చాలు.
3. చెక్-ఇన్‌లో ఫోటో ఉన్న గుర్తింపు కార్డు చూడండి. ఆటగాడి చేతే, మీ కళ్లముందే, ప్రొఫైల్ పేజీ తెరిపించి యూఐడీ సరిపోల్చండి. స్క్రీన్‌షాట్ ఒప్పుకోవద్దు.
4. సీఎస్2 అయితే స్టీమ్ (ఆ గేమ్ నడిచే అకౌంట్) ప్రొఫైల్ తీయండి. వ్యాక్ బ్యాన్ (తొండికి వాల్వ్ వేసే నిషేధం) ఉంటే అక్కడే కనిపిస్తుంది, ఎన్ని రోజులైందో కూడా.
5. లెవెల్ మరీ తక్కువ ఉన్న కొత్త ఐడీ అయితే పాత ఐడీ ఏమైందని అడగండి. జవాబు నమిలితే రాసుకోండి.

## 3. పీసీలు సిద్ధం చేయడం

పీసీ మనదే అయితే సగం గెలిచినట్టే. అయినా ఏమరుపాటు పనికిరాదు.

2018 అక్టోబరులో షాంఘైలో జరిగిన ఎక్స్‌ట్రీమ్స్‌ల్యాండ్ టోర్నీ గుర్తుందా? ఆప్టిక్ ఇండియా అనే సీఎస్ జట్టు ఆటగాడు ఫర్సేకెన్ స్టేజీ మీద, నిర్వాహకుల మధ్యలో కూర్చుని ఎయిమ్ హ్యాక్ వాడాడు. ఫైలు పేరు వర్డ్ డాట్ ఈఎక్స్ఈ. అడ్మిన్ పక్కన నిలబడి చూస్తుండగానే దాన్ని తీసెయ్యబోయాడు. ఐదేళ్ల నిషేధం పడింది, జట్టే రద్దయింది. ఆ వీడియోలో నేను చూసేది ఆటగాణ్ని కాదు, అడ్మిన్ చేతిని. అనుమానం వచ్చిన క్షణంలో మౌస్, కీబోర్డు మీద ఎవరి చెయ్యి ఉందన్నదే ముఖ్యం.

ముందు రోజు చెక్‌లిస్ట్:

- ఆటగాళ్లకు కొత్త ప్రోగ్రాములు ఎక్కించే హక్కు లేని వేరే విండోస్ అకౌంట్.
- మౌస్, కీబోర్డు, హెడ్‌సెట్ తప్ప వేరే యూఎస్‌బీ ఏదీ లేదు. పెన్‌డ్రైవ్ అస్సలు లేదు.
- సొంత మౌస్ తెస్తే దాని లోపలి మెమరీలో మాక్రో ఉండొచ్చు. డ్రైవర్ సాఫ్ట్‌వేర్ ఆటగాడు తేకూడదు. అడ్మిన్ పీసీలో తగిలించి, ప్రొఫైల్ రీసెట్ చేసి ఇవ్వండి.
- వాలరెంట్ అయితే విండోస్ 11లో వాన్‌గార్డ్‌కి (ఆ గేమ్ తొండి పట్టే సాఫ్ట్‌వేర్‌కి) టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే పీసీ భద్రతా సెట్టింగులు ఆన్‌లో ఉండాలి. కేఫ్ పీసీల్లో ఇవి బయోస్‌లో ఆఫ్‌లో ఉండటం మామూలే. మ్యాచ్ రోజు పొద్దున్న ఈ పని పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా అక్కడే ఉంటారు.
- గేమ్ కాకుండా ఇతర సైట్లు, డౌన్‌లోడ్లు బ్లాక్ చేశారు.
- పొద్దున్న ఏ ప్రోగ్రాములు నడుస్తున్నాయో ప్రతి పీసీకీ ఒక ఫోటో తీసిపెట్టుకున్నారు. గొడవ వచ్చినప్పుడు పోల్చడానికి.

ఇక కరెంటు. మన దగ్గర గాలివాన వస్తే మధ్యలో ఒకసారైనా పోతుంది. తిరిగొచ్చి అందరూ రీస్టార్ట్ చేసుకునే ఆ ఐదు నిమిషాల్లో హాలంతా గందరగోళంగా ఉంటుంది, అడ్మిన్లంతా రౌటర్ దగ్గర ఉంటారు. ఏదైనా ఎక్కించాలనుకునేవాడికి అంతకంటే మంచి అదను దొరకదు. కరెంటు పోగానే ఆటగాళ్లంతా కుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడాలని రూల్ పెట్టండి. పీసీ ఆన్ చేసేది అడ్మిన్ మాత్రమే.

## 4. ఫోన్ల తనిఖీ

ఫోన్ ఆటగాడిది కాబట్టి ఇక్కడ పని ఎక్కువ. ఒక్కో ఫోన్‌కి మూడు నిమిషాలు, 64 ఫోన్లకు ఇద్దరు అడ్మిన్లు కలిసి చేస్తే గంటన్నర పైన. చెక్-ఇన్ సమయం దాన్నిబట్టి పెట్టండి. ఫోన్ ఆటగాడి చేతిలోనే ఉండాలి, మీరు చెప్పింది వాడు తెరవాలి.

1. యాప్‌ల జాబితా: గేమ్ ప్లే స్టోర్ నుంచే వచ్చిందా చూడండి. రెండు కాపీలున్నా, క్లోన్ యాప్ లేదా వర్చువల్ స్పేస్ ఉన్నా తీయించండి.
2. డిస్‌ప్లే ఓవర్ అదర్ యాప్స్: ఈఎస్‌పీ గీతలు గేమ్ మీద కనబడాలంటే చాలా టూల్స్‌కు ఈ అనుమతి కావాలి. కొన్ని ఫోన్లలో పేరు అపియర్ ఆన్ టాప్. జాబితాలో తెలియని యాప్ ఉంటే అదేమిటని అడగండి.
3. యాక్సెసిబిలిటీ: ఆటో క్లిక్కర్లు, మాక్రోలు దాక్కునే చోటు ఇదే.
4. డెవలపర్ ఆప్షన్స్, యూఎస్‌బీ డీబగ్గింగ్: ఆఫ్.
5. ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్: ఏ యాప్‌కి అనుమతి ఉందో చూడండి. టెలిగ్రామ్‌కి ఉంటే నాకు చెవులు నిక్కపొడుచుకుంటాయి. "ప్యానెల్" అమ్మకాలు నడిచేది అక్కడే.
6. వీపీఎన్: ఆఫ్. ఐఫోన్ అయితే వీపీఎన్, డివైస్ మేనేజ్‌మెంట్ పేజీలో తెలియని ప్రొఫైల్ ఉందేమో చూడండి.
7. రీస్టార్ట్: చివర్లో ఒకసారి చేయించండి. అక్కడి నుంచి ఫోన్ హాల్ దాటకూడదు.

గ్యాలరీ, వాట్సాప్ జోలికి వెళ్లకండి. మనం చూసేది సెట్టింగ్స్ మాత్రమే. ఈ గీత దాటితే తప్పు మనవైపు వస్తుంది.

## 5. మ్యాచ్ రోజు: ఆధారం దానంతట అదే తయారయ్యేలా

రికార్డింగ్. ప్రతి ఆటగాడూ స్క్రీన్ రికార్డ్ పెట్టాలి. ఎనిమిది ఎంబీపీఎస్‌లో రికార్డ్ చేస్తే అరగంట మ్యాచ్‌కి 1.8 జీబీ దాకా అవుతుంది. ఆరు మ్యాచ్‌లకు 11 జీబీ. కాబట్టి "15 జీబీ ఖాళీ పెట్టుకుని రండి" అని ముందే చెప్పండి. లేకపోతే నాలుగో మ్యాచ్‌లో "స్టోరేజ్ నిండిపోయిందన్నా" అనే మాట వింటారు. అది నిజమో సాకో తేల్చలేరు. ఆన్‌లైన్ మ్యాచ్‌లైతే చేతులూ ఫోనూ కనిపించేలా హ్యాండ్‌క్యామ్ కూడా అడగండి. సీఎస్2లో సర్వర్ డెమో (మ్యాచ్ మొత్తాన్ని తర్వాత తిరిగి చూసుకునే ఫైలు) రికార్డింగ్ ఆన్ చేయడం మరిచిపోవద్దు.

కూర్చోబెట్టడం. ఒకే జట్టు ఒకే వరుసలో, తెరలు గోడవైపు కాకుండా అడ్మిన్ నడిచే దారివైపు. ప్రేక్షకుల పెద్ద తెర ఆటగాళ్ల వీపు వెనక ఉండాలి. హాల్ చిన్నదైతే అరుపులే సమాచారం అయిపోతాయి. "వెనకాల ఉన్నాడు బావా!" అని ఒక్కడు అరిచాడంటే రౌండ్ పోయినట్టే. మొదటి అరుపుకి హెచ్చరిక, రెండో దానికి మనిషి బయటికి.

స్ట్రీమ్. ఆన్‌లైన్ రౌండ్లలో ఆలస్యం లేకుండా లైవ్ ఇస్తే తొండికి మనమే తలుపు తీసినట్టు. బ్యాటిల్ రాయల్‌కి (బీజీఎంఐలా జట్లన్నీ ఒకే మ్యాప్‌లో ఆడే ఆటకి) నేను పది నిమిషాల ఆలస్యం పెడతాను.

## 6. అనుమానం వచ్చిన మొదటి పది నిమిషాలు

1. టైమ్, రౌండ్, ఎవరి మీద అన్నది వెంటనే రాసుకోండి.
2. ఫిర్యాదు కెప్టెన్ నుంచి, రాతలో మాత్రమే. నలుగురూ మీదికొచ్చి అరిస్తే వినొద్దు.
3. తెర మీద పచ్చిగా కనిపిస్తుంటే తప్ప మ్యాచ్ ఆపకండి. నడవనిస్తే ఇంకా ఆధారం దొరుకుతుంది. వాడి వెనక ఒక అడ్మిన్‌ను ఊరికే నిలబెట్టండి.
4. మ్యాచ్ అయిన క్షణంలో ఇద్దరు అడ్మిన్లు వెళ్లాలి. ఒకరు "చేతులు వెనక్కి తియ్యి బాబూ" అనాలి, రెండోవారు అప్పటికే ఫోన్‌లో వీడియో తీస్తుండాలి.
5. రికార్డింగ్ కాపీ అక్కడికక్కడే మీ ల్యాప్‌టాప్‌లోకి. ఒరిజినల్ ఆటగాడి దగ్గరే ఉండనివ్వండి.
6. మైక్‌లో "హ్యాకర్" అన్న మాట రానివ్వకండి. "సాంకేతిక పరిశీలన వల్ల విరామం" అంటే చాలు.

## 7. ఆధారాన్ని చదవడం

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. నేనూ పడ్డాను.

రెండేళ్ల క్రితం ఒక కాలేజీ ఆడిటోరియంలో సీఎస్ సెమీఫైనల్. అబ్జర్వర్ తెర (ఆటగాళ్లందరినీ మనం చూసే తెర) మీద ఒక కుర్రాడి గురి పొగ అవతల నడుస్తున్న శత్రువు తలతోపాటే కదిలింది, ఒక్క తూటాకి పడేశాడు. మళ్లీ చూశాను, మళ్లీ అలాగే అనిపించింది. మైక్ తీసుకుని జట్టును తప్పించాను. "నేనేటీ చెయ్యలేదన్నా" అని ఆ కుర్రాడు ఒక్కసారి అని, హెడ్‌సెట్ టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు. రాత్రి ఇంట్లో డెమో తెరిస్తే అర్థమైంది: నేను ఎక్స్‌రే ఆన్‌లో పెట్టుకుని చూశాను. గోడల వెనక మనుషులు నాకు మెరుస్తూ కనిపించారు కాబట్టి, వాడికీ కనిపించారనిపించింది. ఎక్స్‌రే ఆపేసి చూస్తే, మూలన రాడార్‌లో ఎర్ర చుక్క. అవతలివైపున్న ఈ కుర్రాడి జట్టువాడు శత్రువును చూస్తూనే ఉన్నాడు. వీడు చుక్కను బట్టి కాల్చాడు.

అప్పటి నుంచి నేను పాటించే వరుస ఇది:

ఎక్స్‌రే ఆపి, ఆటగాడి కళ్లతో చూడండి. ఆ క్షణంలో వాడికి ఏం తెలుసో రాయండి: అడుగుల చప్పుడు, మ్యాప్ మీద గుర్తు, స్నేహితుడి మాట. అవేవీ లేకపోతేనే అనుమానం నిలుస్తుంది.

ఒక్క క్లిప్ చాలదు. ఫిర్యాదుదారు తెచ్చేది పది సెకన్ల ముక్క. మ్యాచ్ మొత్తం చూసి కనీసం పది సంఘటనలు తీయండి. వాటిలో వాడు చచ్చిన సందర్భాలూ ఉండాలి. వాల్‌హ్యాక్ ఉన్నవాడు వెనక నుంచి దెబ్బ తినడం అరుదు.

చూడనివాటిని చూడండి. గోడల వెనక కనిపించేవాడు ఖాళీ మూలలు సరిచూడడు. తలుపు దాటుతూ ఎవరూ లేని గదివైపు తలైనా తిప్పడు, మనిషి ఉన్న గది దగ్గర మాత్రం ఠక్కున ఆగుతాడు. గురి కంటే ఈ లక్షణమే నన్ను ఎక్కువ ఒప్పిస్తుంది.

ఫ్రేములు లెక్కపెట్టండి. 60 ఎఫ్‌పీఎస్ వీడియోలో ఒక్కో ఫ్రేము 16.7 మిల్లీసెకన్లు. కంటికి కనిపించాక చెయ్యి కదలడానికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 12 నుంచి 15 ఫ్రేములు. పరుగు పందెంలో తుపాకీ మోగాక 100 మిల్లీసెకన్లలోపు కదిలినా ఫాల్స్ స్టార్టే. ఒకసారి ఐదు ఫ్రేముల్లో కాల్చాడంటే ఊహించి కాల్చి ఉండొచ్చు. పదిసార్లూ అంతే అయితే, అదీ ఊహకందని చోట్ల, అది మనిషి చెయ్యి కాదు.

నెట్ స్లో అవ్వడం వేరు, చేసుకోవడం వేరు. పింగ్ గ్రాఫ్ (నెట్ ఆలస్యం చూపేది) తీయండి. ఎదురుపడ్డ ప్రతిసారీ మాత్రమే ఎగసి, తర్వాత శుభ్రంగా ఉంటే ల్యాగ్ స్విచ్ (కావాలని నెట్ ఆపే ఏర్పాటు) అనుమానించాలి. రోజంతా ఎగుడుదిగుడైతే అది నెట్ గోడు.

కుమ్మక్కు పట్టాలంటే రెండు జట్ల రికార్డింగులూ పక్కపక్కన పెట్టి ఒకే టైమ్ నుంచి నడపండి. ఎదురెదురుగా కనిపించి కూడా ఇద్దరూ కాల్చుకోని సందర్భాలు లెక్కపెట్టండి. ఒకటంటే జోన్‌లోకి (కుంచించుకుపోయే సురక్షిత ప్రాంతంలోకి) వెళ్లే తొందర కావొచ్చు, మూడంటే ఒప్పందం.

ఇంకో సంగతి. తెర మీద హ్యాక్ కనిపించినా అది వాడే పెట్టుకున్నాడని కాదు. 2024 మార్చిలో ఏపెక్స్ లెజెండ్స్ అనే గేమ్ పెద్ద టోర్నీ ఏఎల్‌జీఎస్ ఉత్తర అమెరికా ఫైనల్స్‌లో బయటివాడెవడో చొరబడి, ఆడుతున్న ఇద్దరు ప్రొఫెషనల్స్ తెరల మీద హ్యాక్‌లు ఆన్ చేశాడు. మ్యాచ్‌లు వాయిదా వేశారు, శిక్ష ఆటగాళ్లకు పడలేదు. "నాది కాదు" అని తనంతట తానే చెయ్యెత్తినవాడినీ, దాచబోయినవాడినీ ఒకేలా చూడకూడదు.

చివరికి మూడు బుట్టలు: ఖాయం (ఫైలు దొరికింది, లేదా ఒప్పుకున్నాడు), బలమైన అనుమానం (పది సంఘటనల్లో ఏడెనిమిది వివరణకు అందవు), ఉత్త అనుమానం.

## 8. వాడి మాట వినండి

పదిహేను నిమిషాలు కేటాయించండి. కెప్టెన్ పక్కన ఉండాలి, మైనర్ అయితే ఇంట్లోవాళ్లో లెక్చరరో ఉండాలి. "ఎందుకు చేశావ్" అని మొదలుపెట్టొద్దు. క్లిప్ పెట్టి "ఇక్కడ ఏమనుకున్నావ్?" అని అడగండి. నిజంగా ఆడినవాడు గడగడా చెప్పేస్తాడు: ఎవడు కాల్ ఇచ్చాడు, ఏ చప్పుడు విన్నాడు, ఎందుకు ఆగాడు. కాపీ కొట్టినవాడిలాగే తొండి ఆడినవాడూ దారి చెప్పలేడు, జవాబు మాత్రమే చెప్తాడు.

నిర్ణయం ముగ్గురిది. ఆ జట్టు కాలేజీవాడు గానీ, ఎదుటి జట్టు కాలేజీవాడు గానీ ఆ ముగ్గురిలో ఉండకూడదు.

## 9. శిక్ష

- ఉత్త అనుమానం: శిక్ష లేదు. మిగతా మ్యాచ్‌లకు ప్రత్యేక అడ్మిన్.
- అరుపులు, తొంగిచూడటం: హెచ్చరిక, తర్వాత రౌండ్ కోత.
- అనుమతి లేని పరికరం, రికార్డింగ్ లేకపోవడం: ఆ మ్యాచ్ పాయింట్లు సున్నా.
- బదులు ఆటగాడు, కుమ్మక్కు: సంబంధం ఉన్న జట్లన్నీ టోర్నీ నుంచి ఔట్.
- హ్యాక్, బలమైన అనుమానం: ఆ మ్యాచ్ రద్దు, అందరూ చూస్తుండగా మన పరికరం మీద మళ్లీ ఆట. ఆడనంటే ఔట్.
- హ్యాక్, ఖాయం: జట్టు ఔట్, ఆటగాడికి మన టోర్నీల్లో ఏడాది నుంచి రెండేళ్ల నిషేధం. మిగతా జట్టువాళ్లకు తెలుసని తేలితే వాళ్లకీ.

ఒప్పుకున్నవాడికి తగ్గింపు ఉంచండి. 2020లో ఈ-స్పోర్ట్స్ ఇంటెగ్రిటీ కమిషన్ సీఎస్ కోచ్‌ల కెమెరా బగ్ (కోచ్‌లకు చూడకూడని చోట్లు చూపిన గేమ్ లోపం) వ్యవహారంలో 37 మందిని శిక్షించినప్పుడు అందరికీ ఒకే తూకం వేయలేదు. ఎన్నిసార్లు వాడారు, తామే బయటపెట్టారా అన్నదాన్నిబట్టి నెలలు మారాయి.

పాయింట్ల చిక్కు ముందే తేల్చుకోండి. నాకౌట్‌లో సులువు: తొండి జట్టు చేతిలో చివరగా ఓడిపోయిన జట్టు వెనక్కి వస్తుంది. బ్యాటిల్ రాయల్‌లో తొండి జట్టు పాయింట్లు చెరిపి, కిందివాళ్లను ఒక్కో స్థానం పైకి జరుపుతాను. వాళ్ల చేతిలో చచ్చినవాళ్లకు పూర్తి న్యాయం ఈ పద్ధతిలో జరగదు. అందుకే మొదటి మూడు మ్యాచ్‌లలోపు దొరికితే ఆ మ్యాచ్ మళ్లీ ఆడించడమే మేలు.

ప్రైజ్ మనీ అదే రాత్రి చేతిలో పెట్టకండి. శ్రీకాకుళం, విజయనగరం జట్లు ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు అందుకోవాలని తొందరపెడతాయి. మెడల్ ఇచ్చి పంపండి, డబ్బు 72 గంటల తర్వాత యూపీఐలో వేస్తామని రూల్‌బుక్‌లోనే చెప్పండి. వెళ్లిన డబ్బు వెనక్కి రాదు.

జరిమానా వసూలు చేయడం, ఫోన్ లాక్కుని ఉంచుకోవడం, చెయ్యి చేసుకోవడం మన పని కాదు. ఐడీని బ్యాన్ చేసేది కూడా గేమ్ కంపెనీయే. మనం గేమ్‌లోంచి రిపోర్ట్ కొట్టి ఆధారం పంపగలం, అంతే.

## 10. ప్రకటన, అప్పీల్

ప్రకటన నాలుగు లైన్లు మించొద్దు:

> ఫలానా జట్టు, ఫలానా గేమ్ పేరు గల ఆటగాడు, మ్యాచ్ 4లో రూల్ 3.2ను ఉల్లంఘించినట్టు తేలింది. జట్టును టోర్నమెంట్ నుంచి తప్పించాం. అప్పీల్‌కు గడువు 48 గంటలు.

అసలు పేరు, కాలేజీ, ఫోటో వద్దు. మైనర్ అయితే గేమ్ పేరు కూడా వద్దు, జట్టు పేరు చాలు. తనిఖీ వీడియో ఇన్‌స్టాలో పెట్టే అడ్మిన్‌ను మర్నాడే తీసేయండి.

అప్పీల్ వినేది మొదటి ముగ్గురిలో లేని మనిషి. కొత్త ఆధారం ఉన్నా, మన వరుసలో తప్పు జరిగినా మాత్రమే తీసుకోవాలి. నిర్ణయం తిరగబడితే, శిక్ష ఏ గ్రూపులో, ఏ పేజీలో ప్రకటించామో అక్కడే, అంతే పెద్దగా, "పొరపాటు మాది" అని పెట్టండి. నేను ఆ కుర్రాడి విషయంలో మూడు రోజులకు గానీ పెట్టలేదు. అప్పటికి పాత పోస్టు ఊరంతా తిరిగేసింది.

రికార్డింగులు, తనిఖీ వీడియోలు 30 రోజులు ఉంచి, అప్పీళ్లేమీ లేకపోతే అడ్మిన్లందరి ఫోన్లలోంచీ తీసేయించండి. నిషేధాల జాబితా మాత్రం యూఐడీలతో విడిగా ఒక షీట్‌లో ఉంచండి. వచ్చే ఫెస్ట్‌కి రిజిస్ట్రేషన్లు తెరిచే ముందు దాన్నే తీసి చూడాలి.